నామినేషన్‌కీ పీఆర్‌కీ నడుమ



కెనడాలో స్థిరపడదామని వెళ్లిన తెలుగు కుటుంబాల్లో ఈ మూడు నాలుగేళ్లుగా అందరి నోటా నలుగుతున్న మాట వర్క్ పర్మిట్. చదువు పూర్తయింది, ఉద్యోగం దొరికింది, పన్నులు కడుతున్నారు. ఈ మనిషి మాకు కావాలని ఒక ప్రావిన్సు ప్రభుత్వం నామినేషన్ పత్రం కూడా ఇచ్చింది. అయినా శాశ్వత నివాస హోదా, అదే మనవాళ్లు పీఆర్ అనేది, చేతికి రావడానికి ఆ తర్వాత కూడా నెలలు పడుతుంది. కొందరికి ఏడాదిన్నర దాటుతుంది. ఈలోగా పాత పర్మిట్ గడువు తీరిపోతే ఆ మనిషి ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబుగానే 2012 చివర్లో కెనడా ప్రభుత్వం బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్ అనే ఏర్పాటు తెచ్చింది. పీఆర్ దరఖాస్తు పరిశీలనలో ఉన్నంతకాలం ఏ యజమాని దగ్గరైనా పనిచేసుకోవచ్చనే అనుమతి ఇది. దీన్ని తప్పుపట్టడానికి కాదు ఈ ప్రసంగం. వేలాదిమందిని ఉద్యోగంలో నిలబెట్టిన ఏర్పాటు అది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ప్రావిన్సు నామినేషన్ ఇచ్చిన రోజు నుంచే ఈ పర్మిట్‌కు అర్హత మొదలవ్వాలి. ఇప్పుడలా లేదు. దరఖాస్తు అందింది, కాగితాలన్నీ సరిగా ఉన్నాయి అని ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ శాఖ ఉత్తరం ఇచ్చేదాకా ఆగాలి. ఆ ఉత్తరం ఎప్పుడొస్తుందో దరఖాస్తుదారు చేతిలో లేదు. తన చేతిలో లేని ఆలస్యానికి మనిషి జీతం పోగొట్టుకోవడం న్యాయం కాదు, కెనడాకు లాభమూ కాదు.

ముందుగా ఈ నామినేషన్‌కు ఎంత బరువుందో చూద్దాం. మన రాజ్యాంగంలో పౌరసత్వం, వలసలు, వీసాలు పూర్తిగా కేంద్ర జాబితాలోని విషయాలు. అందులో హైదరాబాదుకూ అమరావతికీ నోరెత్తే అవకాశం లేదు. కెనడాలో అలా కాదు. అక్కడి 1867 నాటి రాజ్యాంగ చట్టం 95వ సెక్షన్ వ్యవసాయంతో పాటు వలసను కూడా ఉమ్మడి అధికారంగా పెట్టింది. ఫెడరల్, ప్రావిన్సు చట్టాలకు పొసగనప్పుడు ఫెడరల్ చట్టం నెగ్గుతుంది. క్యూబెక్‌ను పక్కనపెడితే మిగతా ప్రావిన్సులు ఆ అధికారాన్ని చాలాకాలం పెద్దగా వాడుకోలేదు. 1990లలో కొత్తగా వచ్చేవాళ్లలో ఎక్కువమంది టొరంటో, వాంకూవర్, మాంట్రియల్ నగరాలకే చేరేవారు. విన్నిపెగ్ లాంటి చోట్ల కుట్టుమిషన్ల మీద కూర్చునేవాళ్లకూ, వెల్డర్లకూ కొరత వచ్చింది. మానిటోబా పట్టుబట్టి 1998లో ఫెడరల్ ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని తన మనుషుల్ని తానే ఎంపిక చేసుకోవడం మొదలుపెట్టింది. ఇవాళ క్యూబెక్, నూనవుత్ తప్ప మిగిలిన 11 ప్రావిన్సులకూ టెరిటరీలకూ సొంత నామినీ ప్రోగ్రాములున్నాయి. నామినేషన్ ఊరికే రాదు. ఉద్యోగం నిజమైనదా, జీతం ఎంత, అనుభవం ఎన్నేళ్లు, భాషా పరీక్షలో ఎంత వచ్చింది, ఈ ఊళ్లో ఉండిపోయే ఉద్దేశం ఉందా లేదా, ఇవన్నీ ప్రావిన్సు అధికారులు తరచి చూశాకే పత్రం ఇస్తారు. పాయింట్ల లెక్కన మనుషుల్ని ఎంచే ఫెడరల్ పద్ధతి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉన్నవాళ్లకైతే ఆ ఒక్క పత్రానికి 600 పాయింట్లు పడతాయి. మొత్తం స్కోరే 1,200. అంటే ఫెడరల్ ప్రభుత్వం తన తూకంలో సగం బరువు ఆ కాగితానికే ఇచ్చింది. ఇంత విలువ ఇచ్చిన ప్రభుత్వమే, ఆ కాగితం పట్టుకున్న మనిషి రేపటి నుంచి పనిలోకి వెళ్లొచ్చా లేదా అనే దగ్గర మాత్రం దాన్ని సరిపోని కాగితంగా చూస్తోంది.

చిక్కు ఎక్కడుందో అర్థం కావాలంటే నామినీలు రెండు దారుల్లో నడుస్తారని తెలియాలి. కొందరు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి ముడిపడిన నామినేషన్ మీద వెళతారు. 2015 జనవరి 1న మొదలైన ఈ పద్ధతిలో పిలుపు వచ్చాక 60 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలల్లో తేల్చాలన్నది శాఖ తనకు తాను పెట్టుకున్న గడువు. వీళ్లకు దరఖాస్తు అందినట్టు ఉత్తరం, మనవాళ్లు ఏఓఆర్ అనేది, త్వరగానే వస్తుంది. రెండో దారి బేస్ నామినేషన్. లారీ డ్రైవర్లు, వంటవాళ్లు, వృద్ధుల సంరక్షణ పనివాళ్లు, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ నిబంధనల్లో ఇమడని ఎందరో ఈ దారినే వెళతారు. ఇక్కడ దరఖాస్తు పోర్టల్‌లో పెట్టాక ఒక అధికారి దాన్ని తెరిచి, సంతకాలు, ఫారాలు, పోలీసు సర్టిఫికెట్లు, ఫీజు రసీదులు అన్నీ ఉన్నాయో లేదో చూస్తారు. ఫెడరల్ వలస నిబంధనల్లో పదో సెక్షన్ కింద జరిగే పని కాబట్టి దీన్ని ఆర్‌టెన్ పరిశీలన అంటారు. అందులో నెగ్గితేనే ఏఓఆర్. మనిషి అర్హుడా కాడా అనేది అప్పటికింకా మొదలే కాదు. కాగితాల లెక్క మాత్రమే. ఆ లెక్క చూడటానికే నెలలు పట్టిన సందర్భాలు కోకొల్లలు. ఆ నెలలన్నీ దరఖాస్తుదారు చేసేదేమీ లేదు, రోజూ ఈమెయిల్ తెరిచి చూసుకోవడం తప్ప. సరిగ్గా ఈ నెలల్లోనే చాలామందికి చదువు తర్వాత వచ్చిన పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ ముగుస్తుంది. అది గరిష్ఠంగా మూడేళ్లు. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. కోవిడ్ కాలంలో 2021 నుంచి 2023 వరకు పద్దెనిమిది నెలల చొప్పున ప్రత్యేక పొడిగింపులు ఇచ్చారు గాని, ఆ తలుపు మూసుకుపోయింది. కాబట్టి ఏఓఆర్ ఆలస్యమైతే పట్టుకోవడానికి మరో ఆధారం ఉండదు.

ఇక ఈ నిరీక్షణ ఎందుకింత పొడవు అనేది. దరఖాస్తులు ఎక్కువ, అధికారులు తక్కువ అనే మాట సగమే నిజం. కెనడా ప్రతి ఏడాదీ ఏ వర్గం కింద ఎంతమందికి పీఆర్ ఇవ్వాలో ముందే అంకెలు ప్రకటిస్తుంది. 2024లో ప్రావిన్సుల నామినీల కోటా 110,000. అదే ఏడాది అక్టోబరు 24న అప్పటి ఇమ్మిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్ ప్రకటించిన ప్రణాళికలో 2025 సంవత్సరానికి ఆ అంకె 55,000కి పడిపోయింది. సరిగ్గా సగం. ఇళ్ల కొరత, అద్దెలు, ఆసుపత్రుల మీద ఒత్తిడి చూసి ప్రజలు మొర పెట్టారు, ప్రభుత్వం తగ్గించింది. ఆ నిర్ణయం తప్పని నేను అనను. ఎంతమందిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది. కానీ కోటా సగమైన నాడు, అంతకుముందే నామినేషన్ పొంది వరుసలో నిలబడ్డవాళ్లు ఎక్కడికీ పోలేదు. వాళ్ల దరఖాస్తులు అలాగే ఉన్నాయి, గమ్యం మాత్రం దూరం జరిగింది. ఏటా 110,000 మంది దాటే ద్వారం నుంచి 55,000 మందినే పంపిస్తే మిగతావాళ్ల కాలం పెరిగి తీరుతుంది. దీనికి గణిత మేధావులు అక్కర్లేదు. కాబట్టి నామినీల నిరీక్షణలో పెద్ద భాగం యాదృచ్ఛికమూ కాదు, వాళ్ల అలసత్వమూ కాదు. అది ప్రభుత్వం తెలిసి తీసుకున్న నిర్ణయానికి ఫలితం. ఆలస్యం ఎవరి నిర్ణయమో దాని భారం కొంతైనా వాళ్లే మోయాలన్నది నా వాదనకు పునాది.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక అభ్యంతరం చెబుతారు. గడువు తీరకముందే ఏదో ఒక పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకుంటే, నిర్ణయం వచ్చేదాకా పాత షరతుల మీదే పని చేసుకోవచ్చు కదా అని. నిజమే. నిబంధనల్లో 186వ సెక్షన్ యూ క్లాజు ఆ వెసులుబాటు ఇస్తుంది. దాన్ని మెయింటెయిన్డ్ స్టేటస్ అంటున్నారు. కానీ దేనికి దరఖాస్తు పెట్టాలి? ఏఓఆర్ లేకుండా బ్రిడ్జింగ్ పర్మిట్ అడిగితే అర్హత లేదని తిరస్కరిస్తారు. తిరస్కరించిన రోజుతో పని చేసే హక్కు ఆగిపోతుంది. తిరస్కరణ రావడానికి పట్టే కొన్ని నెలల్లో ఏఓఆర్ వచ్చేస్తుందేమో, అప్పుడది పంపిద్దాం అని కొందరు జూదమాడతారు. ఒక ప్రభుత్వ వ్యవస్థ, నిబంధనలు పాటించే మనిషిని ఇలాంటి జూదానికి నెట్టడం ఏం పద్ధతి? పైగా ఆ క్లాజులో ఇంకో మెలిక ఉంది. గడువు తీరాక ఆ మనిషి కెనడాలోనే ఉండాలి. నల్గొండలో తండ్రికి గుండెపోటు వచ్చిందని విమానం ఎక్కితే, తిరిగి వచ్చాక దరఖాస్తు తేలేదాకా పని చేయడానికి వీల్లేదు. స్టేటస్ పోయాక 90 రోజుల్లో రెస్టొరేషన్ అడగొచ్చు. అది తేలేదాకా కూడా ఉద్యోగం నిషిద్ధమే.

జీతం ఆగడం ఒక్కటే అయితే అప్పో సొప్పో చేసి నెట్టుకొస్తారు. కెనడాలో తాత్కాలిక నివాసి బతుకంతా పర్మిట్ మీది తేదీకి కట్టేసి ఉంటుంది. వాళ్లకిచ్చే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు 9తో మొదలవుతుంది. దానికీ గడువు తేదీ ఉంటుంది, అది పర్మిట్ తేదీయే. చాలా ప్రావిన్సుల్లో హెల్త్ కార్డుకూ పర్మిట్ తేదీతో లంకె ఉంది. పేరోల్ గుమస్తా కంప్యూటర్‌లో ఆ తేదీ దాటగానే, మెయింటెయిన్డ్ స్టేటస్ అంటే ఏమిటో ఆయనకు వివరించడానికే ఒక పూట పడుతుంది. ఎందుకొచ్చిన గొడవని కొందరు యజమానులు ఇంటికి పంపేస్తారు. ఇల్లు కొనుక్కోవడం సంగతి చూడండి. విదేశీయులు ఇళ్లు కొనకుండా 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టంలో వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. కానీ కొనే నాటికి పర్మిట్‌లో కనీసం 183 రోజుల గడువు మిగిలి ఉండాలి. అంటే ప్రావిన్సు ‘ఇక్కడే ఉండిపో’ అని పత్రం ఇచ్చిన మనిషి ఆ ప్రావిన్సులో ఇల్లు కొనాలన్నా మళ్లీ ఈ తేదీ దగ్గరే ఆగాలి. బ్రిడ్జింగ్ పర్మిట్ రెండేళ్ల దాకా ఇస్తారు కాబట్టి ఈ ముళ్లన్నీ ఒక్కసారిగా విడిపోతాయి. ఏర్పాటు ఎంత మంచిదో చెప్పడానికే ఇదంతా. మంచి మందు ఉండి, జ్వరం దిగాక ఇస్తానంటేనే బాధ.

నామినేషన్ రోజు నుంచి పని హక్కు ఇవ్వడం అసాధ్యమైన కోరికేమీ కాదు. మన శ్రోతల్లో అమెరికాలో బంధువులు లేనివాళ్లు అరుదు కాబట్టి ఒక పోలిక చెబుతాను. గ్రీన్‌కార్డు వరుసలో భారతీయులు పడే అవస్థ అందరికీ తెలుసు. ఏ దేశానికైనా ఏడు శాతం మించకూడదన్న పరిమితి వల్ల అది దశాబ్దాల వరుస. అయినా అక్కడ హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్లు ఆరేళ్ల గరిష్ఠ గడువు దాటాక కూడా ఉద్యోగం చేయగలుగుతున్నారు. ఎందుకంటే 2000లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ఒక సంగతి ఒప్పుకుంది: యజమాని పెట్టిన వలస పిటిషన్‌ను ప్రభుత్వం ఆమోదించాక, ఆగింది వీసా నంబరు కోసమే అయితే, మూడేళ్ల చొప్పున పొడిగింపు ఇవ్వాలి. అక్కడ పొడిగింపు హక్కు పుట్టేది ఎంపిక జరిగిన దగ్గర. చివరి దరఖాస్తు అందిన దగ్గర కాదు. వలసదారుల పట్ల మెతకగా ఉంటుందని అమెరికాను ఎవరూ అనరు. ఆ దేశమే ఇరవై అయిదేళ్ల కిందట ఒప్పుకున్న సూత్రాన్ని, మనుషుల్ని పిలిచి మరీ తెచ్చుకుంటున్నానని చెప్పుకునే కెనడా ఎందుకు ఒప్పుకోకూడదు? యజమానికి కట్టి ఉంచడం అమెరికా పద్ధతిలోని లోపం. ఆ లోపం మాత్రం తెచ్చుకోనక్కర్లేదు.

దీనికి శాఖ వైపు నుంచి రాగల జవాబు ఊహించడం కష్టం కాదు. ఆర్‌టెన్ పరిశీలన కాకముందే పర్మిట్ ఇస్తే అరకొర కాగితాలతో దరఖాస్తు పడేసి, పర్మిట్ సంపాదించి, రెండేళ్లు హాయిగా గడిపేవాళ్లు బయల్దేరతారని. అందులో కొంత నిజం ఉంది. విదేశీ పనివాణ్ణి పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే ఎల్‌ఎంఐఏ కాగితాలను అంగట్లో సరుకులా అమ్మిన దళారుల కథలు విన్నాం. ఆ బెడద వల్లే 2025 మార్చిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లు ఎత్తేశారు కూడా. కానీ నామినీ సంగతి వేరు. అతన్ని వడపోసే పని ప్రావిన్సు అప్పటికే పూర్తి చేసింది. కాగితాలు అరకొరగా పెడితే ఎక్కువ నష్టపోయేది అతనే: దరఖాస్తు మొత్తం వెనక్కి వస్తుంది, ఈలోగా నామినేషన్ పత్రం గడువు, చాలా ప్రావిన్సుల్లో ఆరు నెలలు, తీరిపోయే ప్రమాదం ఉంది. రెండేళ్ల పర్మిట్ కోసం జీవితకాలపు హోదాను పణంగా పెట్టేవాడు ఎవడుంటాడు? అంత భయమే ఉంటే దానికీ ఉపాయం ఉంది. నామినేషన్ మీద మొదట ఏడాది పర్మిట్ ఇవ్వండి. ఆర్‌టెన్ దాటాక రెండేళ్లకు పొడిగించండి. దరఖాస్తు వెనక్కి వస్తే పొడిగింపు ఉండదు. వర్క్ పర్మిట్ ఫీజు 155 డాలర్లు, ఓపెన్ పర్మిట్‌కు అదనంగా 100, మొత్తం 255 డాలర్లు ఎలాగూ దరఖాస్తుదారే కడతాడు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ప్రావిన్సుల నుంచి, యజమానుల నుంచి వస్తుంది. ఓపెన్ పర్మిట్ చేతిలో పెడితే మా ఊరి నర్సింగ్ హోమ్ వదిలేసి టొరంటో ఎక్కేస్తాడు. మేము నామినేషన్ ఇచ్చింది అందుకా? అని. ఈ భయం వల్లే నామినేషన్‌లో ఫలానా యజమాని దగ్గరే పనిచేయాలన్న షరతు ఉంటే ఇవాళ బ్రిడ్జింగ్ ఓపెన్ పర్మిట్ అసలు రాదు. అలాంటివాళ్లకు టీ13 అనే కోడ్ కింద ఒక్క యజమానికే కట్టుబడ్డ పర్మిట్ ఉంది. దానికి ఏఓఆర్ అక్కర్లేదు, నామినేషన్ ఆధారంగానే ఇస్తారు. చూశారా, నామినేషన్ మీదే పని హక్కు ఇవ్వడం కెనడా చట్టానికి కొత్త కాదు. యజమానికి కట్టేసినప్పుడు ఇస్తోంది, విడిచిపెట్టాల్సి వచ్చినప్పుడు ఇవ్వడం లేదు. ఆ టీ13కి ప్రావిన్సు నుంచి సిఫార్సు ఉత్తరం కావాలి, యజమాని పోర్టల్‌లో ఆఫర్ పెట్టాలి, 230 డాలర్ల రుసుము కట్టాలి. యజమాని మంచివాడైతే అన్నీ సాగిపోతాయి. కానివాడైతే ఆ పోర్టల్ పాస్‌వర్డే పనివాడి మెడ మీద కత్తి. ఓవర్‌టైమ్ డబ్బు అడిగితే, సెలవు అడిగితే, ‘నీ పర్మిట్ సంగతి చూసుకో’ అనే మాట వస్తుంది. యజమానికి కట్టేసే పర్మిట్లు ఎలాంటి దోపిడీకి దారితీస్తాయో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి తొమోయా ఒబొకాటా 2023లో కెనడా పర్యటించి చెప్పారు. తాత్కాలిక విదేశీ కార్మికుల ప్రోగ్రాములు ఆధునిక బానిసత్వానికి పాదు అవుతున్నాయన్నంత కటువుగా చెప్పారు. ఆయన మాటలో తీవ్రత ఎక్కువైందని యజమానుల సంఘాలు కోప్పడ్డాయి. సరే, తీవ్రత తగ్గించే చదువుకుందాం. దెబ్బలు తినే పనివాళ్ల కోసమని 2019లో కెనడా ప్రభుత్వమే విడిగా ఒక ఓపెన్ పర్మిట్ పెట్టాల్సి వచ్చిందంటే జబ్బు ఉన్నట్టేగా?

ప్రావిన్సు భయానికి మందు యజమానికి కట్టేయడం కాదు. నామినీ ఆ ప్రావిన్సులో నివసించే ఉద్దేశం ఉన్నట్టు చూపాలని నిబంధనల్లో 87వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. పర్మిట్ మీద పనిచేసే ప్రదేశాన్ని షరతుగా రాసే అధికారం కూడా 185వ సెక్షన్ కింద అధికారికి ఉంది. ఈ రెంటినీ కలిపితే మానిటోబా నామినీకి మానిటోబాలో మాత్రమే చెల్లే, కానీ ఏ యజమాని దగ్గరైనా చెల్లే పర్మిట్ తయారవుతుంది. అతను బ్రాండన్ వదిలి విన్నిపెగ్ వెళ్లొచ్చు, బ్రాంప్టన్ వెళ్లలేడు. వెళితే నామినేషన్ వెనక్కి తీసుకునే అధికారం పీఆర్ వచ్చేదాకా ప్రావిన్సు చేతిలోనే ఉంటుంది. ఇంతకన్నా గట్టి తాడు ఏం కావాలి? పీఆర్ వచ్చాక మాత్రం, 1982 నాటి హక్కుల చార్టర్ ఆరో సెక్షన్ ప్రకారం దేశంలో ఎక్కడికైనా వెళ్లి బతికే హక్కు శాశ్వత నివాసులకూ ఉంది. దాన్ని ఎవరూ ఆపలేరు. మనిషిని నిలుపుకోవాలంటే పర్మిట్లు చాలవు, ఊళ్లో మంచి జీతం, పిల్లలకు బడి, దగ్గర్లో డాక్టరు ఉండాలి. అది ప్రావిన్సులు వేరే పద్దులో చేసుకోవాల్సిన పని.

ఒట్టావాలో వినిపించే మూడో మాట, దేశంలో తాత్కాలిక నివాసుల సంఖ్యను 2027 చివరికల్లా జనాభాలో 5 శాతం లోపుకి దించాలి, ఇలాంటప్పుడు కొత్త పర్మిట్ దారులు తెరవడం ఎలా అన్నది. ఈ లెక్కలో ఒక పొరపాటు ఉంది. నామినీ కొత్తగా దిగినవాడు కాదు, అక్కడే ఉన్నాడు. పర్మిట్ ఇవ్వకపోతే జనాభా తగ్గదు, పనిచేసే చేతులు తగ్గుతాయి. వంటగది మూసేసిన హోటల్, ఒక షిఫ్ట్ తగ్గిన వృద్ధాశ్రమం మిగులుతాయి. అతని పీఆర్ ఎలాగూ రాబోయే కోటాలో లెక్క పడింది. తాత్కాలిక నివాసుల్ని తగ్గించడానికి ఉత్తమమైన మార్గం వాళ్లలో ఎంపికైనవాళ్లను త్వరగా శాశ్వత నివాసులుగా చేయడమే గాని, నడిమధ్యలో ఖాళీ కూర్చోబెట్టడం కాదు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియకా కాదు. 2025 జనవరిలో భార్యాభర్తల ఓపెన్ పర్మిట్ల మీద ఆంక్షలు బిగించినప్పుడు, పీఆర్ వైపు మారుతున్న పనివాళ్ల జీవిత భాగస్వాములకు అవి వర్తించవని ప్రకటించింది. అంటే ఈ బాపతు మనుషులు వేరని ఒప్పుకున్నట్టే. 2024లో ఇంకా ముందుకెళ్లింది. మానిటోబా కోరిక మీద, ఆ ప్రావిన్సు జాబితాలో ఉండి పర్మిట్లు ముగుస్తున్న సుమారు 6,700 మందికి పని అనుమతి పొడిగించే ప్రత్యేక విధానం తెచ్చింది. వాళ్లకు అప్పటికింకా నామినేషన్ కూడా రాలేదు, రావచ్చన్న ఆశే ఉంది. ఆశ మీద పర్మిట్ ఇవ్వగలిగిన ప్రభుత్వం, నామినేషన్ చేతికొచ్చినవాడికి ఏఓఆర్ పేరు చెప్పి ఆపడంలో తర్కం నాకు కనబడదు. ఆ ఏడాదే మే నెలలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ రాజధాని షార్లట్‌టౌన్‌లో పర్మిట్లు ముగుస్తున్న పనివాళ్లు, ఎక్కువమంది మన దేశం వాళ్లే, నిరాహార దీక్షకు దిగారు. ఆ ప్రావిన్సు నామినేషన్లు పాతిక శాతం తగ్గించి ఆరోగ్యం, నిర్మాణ రంగాలకు మళ్లించడంతో వచ్చిన గొడవ అది. నామినేషన్ రానివాళ్ల సమస్య వేరు, దానికి ఈ ప్రసంగంలో జవాబు లేదు. నామినేషన్ హక్కు కాదు, ఎంపిక. ఎంపికైనవాడి సంగతే నేను మాట్లాడుతున్నది.

నిబంధనలు మారేదాకా ఉన్న నిబంధనల్లోనే జాగ్రత్త పడాలి కాబట్టి, వింటున్న నామినీలకూ వాళ్ల తల్లిదండ్రులకూ కొన్ని మాటలు. నామినేషన్ పత్రంలో యజమాని పేరుతో షరతు ఉందేమో ముందు చదవండి. ఉంటే బ్రిడ్జింగ్ పర్మిట్ ఆశ పెట్టుకోకుండా టీ13 ఉత్తరం వెంటనే అడగండి. షరతు లేకపోయినా పాత పర్మిట్ గడువుకు ముందు ఏఓఆర్ వచ్చే సూచన లేకపోతే ఆ ఉత్తరమే ఇస్తారేమో ప్రావిన్సును అడగండి. పాస్‌పోర్టు గడువు చూసుకోండి. అది ఎనిమిది నెలల్లో ముగిసేట్టయితే రెండేళ్ల పర్మిట్ కాదు, ఎనిమిది నెలల పర్మిటే వస్తుంది. సరిహద్దు దాకా వెళ్లి అక్కడికక్కడే పర్మిట్ తెచ్చుకునే ఫ్లాగ్‌పోలింగ్ 2024 డిసెంబరు 23తో ఆగిపోయింది. చేయిస్తామనే వాళ్లను నమ్మకండి. కెనడాలో డబ్బు తీసుకుని సలహా ఇచ్చే కన్సల్టెంట్లకు 2021 నుంచి ఒక కాలేజీ, అంటే నియంత్రణ సంస్థ ఉంది. దాని జాబితాలో పేరుందో లేదో ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. అమీర్‌పేటలోనో బెంజ్ సర్కిల్‌లోనో బోర్డు పెట్టుకున్న కన్సల్టెన్సీ అందులో లేకపోతే, ఏఓఆర్ త్వరగా తెప్పిస్తామన్న మాటకు విలువ లేదు. ఉన్నా లేదు. ఏఓఆర్‌ను ఎవరూ తెప్పించలేరు.

ఇక మార్పు విషయం. దీనికి పార్లమెంటులో బిల్లు అక్కర్లేదు. వలస చట్టం 25.2 సెక్షన్ కింద మంత్రి ప్రజా ప్రయోజనం పేరిట ప్రత్యేక విధానం ప్రకటించవచ్చు. 2025 నవంబరులో ప్రకటించిన కొత్త ప్రణాళిక 2026కి ప్రావిన్సుల కోటాను 55,000 నుంచి 91,500కి పెంచింది. ప్రావిన్సులు సంతోషించాయి. కోటా పెరిగిన కొద్దీ నామినేషన్లు పెరుగుతాయి, దరఖాస్తులు పెరుగుతాయి, ఆర్‌టెన్ పరిశీలన కోసం బల్ల మీద పేరుకునే ఫైళ్లూ పెరుగుతాయి. వాటిని తెరిచే అధికారుల సంఖ్య కూడా అంతే పెరుగుతుందని ఆ ప్రణాళికలో ఎక్కడా మాటివ్వలేదు. కాబట్టి ఈ ఏడాది నామినేషన్ వచ్చేవాళ్లలో ఎంతమంది పర్మిట్ తేదీ ఏఓఆర్ కంటే ముందు పడుతుందో ప్రావిన్సులు ఇప్పుడే లెక్కగట్టుకుని, ఆ జాబితా పట్టుకుని మంత్రిని అడగాలి. అడిగితే ఇచ్చిన దాఖలా మానిటోబా చేతిలో ఉంది.